ప్రసాదరావుగారు పాస్ చేసిన కడుపు

జహీరాబాద్ మార్కెట్లో ప్రసాదరావుగారిని ఎరగని కూరగాయల వాళ్లు లేరు. ఎరిగినవాళ్లు ఆయన దూరంగా కనపడగానే బుట్ట మీద గోనెపట్టా కప్పేస్తారు. వంకాయ కొనాలంటే ఆయన దాన్ని ముందు వెలుతురుకేసి పట్టి చూస్తారు, తొడిమ దగ్గర గోటితో నొక్కుతారు, చివరికి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారు. వంకాయలో చప్పుడేమిటని ఎవరూ అడగరు, అడిగితే ఆయన చెబుతారని భయం. అల్లం తవ్వే రోజుల్లో బండెడు సరుకు తెచ్చిన రైతు ఒకాయన, పావుకిలో కోసం వచ్చిన ప్రసాదరావుగారు కొమ్ము కొమ్ముకీ విరిచి నార చూస్తుంటే తట్టుకోలేక, దండం పెట్టి ఊరికే ఇచ్చి పంపించాడు. ఆ దండాన్ని ఆయన గౌరవం అనుకుని ఇంటికొచ్చి చెప్పుకున్నారు.

ఆయనది రేపల్లె వైపు. డిప్లొమా కాగితం చేతపట్టుకుని ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి వచ్చి, తనిఖీ విభాగంలో చేరి, అక్కడే జుట్టు నెరిపించుకున్నారు. ఉద్యోగంలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు. ఆ మాట ముందే ఒప్పుకోకపోతే పాపం తగులుతుంది. గేరుబాక్సు పెంకు దగ్గర్నించి చిన్న బోల్టు దాకా అన్నీ ఆయన చేతి కిందనుంచి పోవాల్సిందే. బాగున్నదానికి పచ్చ చీటీ, బాగాలేనిదానికి ఎర్ర చీటీ, చూడ్డానికి కుదరనిదానికి పసుపు చీటీ. పసుపు చీటీ పడ్డ సామాను పక్కన ఆగిపోతుంది. ఇంకో పద్ధతిలో చూసి తేల్చేదాకా అది గుమ్మం దాటదు. ఒకసారి కొలిచే పరికరం మొరాయిస్తే మేనేజరు స్వయంగా వచ్చి కేకలేశాడట. "చూడకుండా చీటీ వెయ్యనండీ, కావాలంటే నన్ను ఇంటికి పంపెయ్యండి" అని ప్రసాదరావుగారు లైను మొత్తం ఆపేసి కుర్చీలో కూర్చున్నారట. ఈ కథ ఆయన నోటినుంచి వినని మనిషి ఫ్యాక్టరీలో లేడు. రెండోసారి వినకుండా తప్పించుకున్నవాడూ లేడు.

చిక్కేమిటంటే, సాయంత్రం గేటు దాటి బయటికొచ్చినా ఆయన జేబులో చీటీలు అయిపోయేవి కావు. చారుకి ఒకటి, ఇస్త్రీ బట్టలకి ఒకటి, ఎదురింటివాళ్ల కొత్త అల్లుడికి ఒకటి. తెలంగాణ మొత్తానికి ఎర్ర చీటీ వేసి చాలా ఏళ్లయింది. ఇక్కడి నీళ్లు బరువు, ఇక్కడి కారం మంట, ఇక్కడి జొన్నరొట్టె అరగదు, ఇక్కడి మాట ఆయన చెవికి ఎక్కదు. ఇన్ని లోపాలున్న ఊళ్లోనే ఉద్యోగం, జీతం, కూతురి చదువు, పెళ్లి అన్నీ సక్రమంగా జరిగిపోయాయన్న సంగతి మాత్రం ఆయన తనిఖీలో ఎప్పుడూ తగల్లేదు.

ఆయన భార్య సరోజిని. వాళ్లు ఉండేది యాదమ్మ ఇంటి మేడ మీద. యాదమ్మ వాళ్లకి న్యాల్‌కల్ దగ్గర చెరుకూ అల్లమూ పండే పొలాలున్నాయి, టౌన్లో ఈ ఇల్లుంది, చుట్టుపక్కల నాలుగు వీధులకి వినపడే గొంతుంది. పొద్దున్న ప్రసాదరావుగారి బండి చప్పుడు వీధి మలుపు తిరగగానే సరోజిని మెట్లు దిగి కిందికి వచ్చేది. యాదమ్మ దగ్గర కూర్చుని జొన్నరొట్టె చేత్తో చరిచి చెయ్యడం నేర్చుకుంది, కన్నడం కలిసిన ఇక్కడి సామెతలకి పడీపడీ నవ్వడం నేర్చుకుంది. యాదమ్మ వాకిట్లో గలగలలాడే ఆ మనిషే సాయంత్రం మెట్లెక్కి పైకి పోతే, ఇంట్లో మిక్సీ చప్పుడు తప్ప ఇంకేదీ వినపడేది కాదు.

ఇక ఒంటి సంగతి. ప్రసాదరావుగారికి స్కానింగులంటే ప్రాణం. ఏడాదికోసారి సంగారెడ్డి పోయి, ట్రాక్టరుకి ఓవర్‌హాలింగ్ చేయించినట్టు, తల నుంచి కాలి దాకా అన్నీ తీయించుకుని వస్తారు. పెళ్లి భోజనం తిన్నాక వచ్చిన ఎక్కిళ్లకి కూడా ఒకసారి పొట్ట స్కానింగ్ చేయించుకున్నారు. మెడ పట్టేస్తే హైదరాబాద్ వెళ్లి సీటీ స్కాన్ మిషన్లో పడుకుని, "చాలా శుభ్రంగా తీశారు" అని అక్కడివాళ్లని మెచ్చుకుని వచ్చారు. సరోజినికి తలనొప్పి వస్తే మాత్రం నిద్ర చాలక, కాళ్లనొప్పులు వస్తే మెట్లు ఎక్కువై, కడుపునొప్పి వస్తే గ్యాసు. దానికి ఏ మిషనూ అక్కర్లేదు, ఆయన ఒక్కసారి చూస్తే చాలు.

అలా ఒకరోజు పొద్దున సరోజిని వంటింటి గట్టు పట్టుకుని వంగిపోయింది. బొడ్డు చుట్టూ మెలిపెడుతున్నట్టు నొప్పి. కాఫీ గ్లాసు అందుకుంటూ ఆయన ఎగాదిగా చూశారు.

"ఏవిటలా వంగావు?"

"కడుపులో నొప్పండీ. తెల్లారుజామునుంచీ..."

"రాత్రి ఏం తిన్నావు?"

"కింద పిన్నిగారు రొట్టె ఇస్తే..."

"అదీ సంగతి!" అన్నారాయన. కేసు తేలిపోయింది. "గ్యాసు. జొన్నలు మనకి పడవే అని నెత్తీ నోరూ బాదుకుంటూనే ఉన్నాను. కాస్త వాము నమిలి పడుకో."

సరోజిని వాము నమిలింది, కక్కుకుంది. మధ్యాహ్నానికి నొప్పి బొడ్డు దగ్గర్నించి కుడివైపు కిందికి దిగి అక్కడ తిష్ట వేసింది. కాలు చాపితే నొప్పి, దగ్గితే నొప్పి. ఆదివారం కాబట్టి ప్రసాదరావుగారు ఇంట్లోనే ఉండి పేపరు చదువుకుంటున్నారు. మూలుగు విని యాదమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది సరోజినమ్మా, గట్ల ముడుసుకపోయినవ్? బొడ్డు జరిగినట్టున్నది. ఎల్లెలకల పండుకో, జర నూనె రాసి సర్దుత. దీపం పెట్టి మీద చెంబు బోర్లిస్తే సక్కగ గుంజుతది."

యాదమ్మ వైద్యమూ ఏమంత గొప్పది కాదు. ఆ చెంబుతో ఆవిడ నలుగురి పొట్టలు కాల్చిన సంగతి వీధంతా ఎరుగును. కానీ నూనె చెయ్యి కుడిపక్కన ఆనీ ఆనకముందే సరోజిని కెవ్వుమంది. యాదమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని, చెంబు పక్కన పెట్టేసింది.

"ఇది బొడ్డు గాదు సారు. దవాఖానకు తీస్కపోండ్రి."

"దవాఖాన దాకా ఎందుకండీ! గ్యాసుకి దవాఖానేవిటి?" అన్నారు ప్రసాదరావుగారు. అంతలో ఆయనకి మంచి ఆలోచన వచ్చింది. స్కానింగ్ తీయించి, గ్యాసేనని కాగితం మీద రాయించుకొస్తే, యాదమ్మ నోరు శాశ్వతంగా మూతపడుతుంది. ఆయన ఉత్సాహంగా చొక్కా తొడుక్కున్నారు.

దారిలో బస్టాండ్ దగ్గర ఆటో ఆపించి సరోజినికి నిమ్మసోడా తాగించారు. త్రేన్పు వస్తే సగం రోగం పోతుందని ఆయన లెక్క. త్రేన్పు రాలేదు. అందుకని ఇంకోటి తాగించారు. ఆటో ప్రతి గుంతలో ఎగిరినప్పుడల్లా సరోజిని సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకునేది. "తిన్నగా కూర్చో, వంకరగా కూర్చుంటే గ్యాసు ఎలా వస్తుంది?" అన్నారాయన.

స్కానింగ్ సెంటర్లో రాయికోడ్ నుంచీ ఆ పక్క పల్లెల నుంచీ వచ్చిన జనం బెంచీల నిండా ఉన్నారు. వంతు వచ్చాక, ఆడవాళ్ల గదిలోకి మీరెందుకన్నా వినకుండా ప్రసాదరావుగారు లోపలికి పోయి మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. డాక్టరు స్నిగ్ధ వయసులో చిన్నది. సరోజిని పొట్ట మీద జెల్లీ రాస్తోంది.

"ఈ మిషనుకి కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారమ్మా? కొలత సరిగ్గా చూపిస్తోందా?" అని అడిగారాయన.

"సర్, జర పక్కకు జరగండి, స్క్రీనుకు అడ్డమొస్తున్నరు."

ఆయన జరిగారు, కానీ తెరమీదనుంచి చూపు తిప్పలేదు. ఆ నలుపు తెలుపుల్లో ఏది ఏదో ఆయనకి బొత్తిగా తెలియదు. అయినా మధ్యమధ్యలో "ఊఁ, ఊఁ" అంటున్నారు. స్నిగ్ధ కుడివైపు కింద నెమ్మదిగా నొక్కింది, సరోజిని పళ్లు బిగపట్టింది. స్నిగ్ధ అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది, మొహం చిట్లించింది.

"ఏమన్నా తాగిన్రా అమ్మా?"

"సోడా," అన్నారు ప్రసాదరావుగారు గర్వంగా. "రెండు తాగించాను. గ్యాసు పోతుందని."

ఆ పిల్ల ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "పోలేదు సర్. అంతా ఈడనే ఉన్నది. పేగులల్ల గాలి ఉంటే ఈ మిషను దాని వెనకకు చూడలేదు. అపెండిక్స్ నాకు కనపడ్తలేదు. కానీ ఈడ నొక్కితే అమ్మకు బాగా నొస్తున్నది. లేటు చెయ్యకుండ సర్జన్‌కు చూపియ్యండి. సీటీ చేస్తే తేలుతది." చెప్పిన ముక్కే రిపోర్టులోనూ రాసి ఇచ్చింది.

అన్ని మాటల్లోనూ ప్రసాదరావుగారి చెవిలో పడింది ఒక్కటే, అపెండిక్స్ కనపడలేదని. మిగతాదంతా ఆయన లెక్కలో సరుకు అమ్ముకునేవాళ్లు పక్కన రాసే మాటల్లాంటిది. కనపడలేదు, అంటే లేదు, అంటే గ్యాసు. అంత శుభ్రమైన రిపోర్టుని ఎవరికీ చూపించకుండా ఇంటికి తీసుకుపోవడం ఆయనకి మనస్కరించలేదు. అందుకే సర్జన్ దగ్గరికి వెళ్లారు తప్ప, ఆ పిల్ల వెళ్లమన్నందుకు కాదు.

సర్జన్ పేరు మహిధర్. ఆయన రిపోర్టు చూసి పక్కన పెట్టి, చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుని, సరోజిని కడుపు మీద నెమ్మదిగా నొక్కి, టక్కున చెయ్యి తీశాడు. ఆవిడ పెట్టిన కేకకి బయట బెంచీ మీద జనం లేచి నిలబడ్డారు.

"అమ్మా, వచ్చేటప్పుడు ఆటో గుంతల్ల పడితే నొప్పి ఎక్కువైందా?"

"ఈ రోడ్ల మీద ఆటో ఎక్కితే ఎవరికైనా నొప్పేనండీ," అన్నారు ప్రసాదరావుగారు.

"నేను అమ్మను అడిగిన సర్."

"అయిందండీ," అంది సరోజిని. "ప్రాణం పోయినంత పనైంది."

"అపెండిక్స్ వాచినట్టే ఉన్నది," అన్నాడు మహిధర్. "సీటీ తీసి కన్ఫర్మ్ చేసుకుందాం. ఈడనే అడ్మిట్ చెయ్యండి. అదే అయితే ఇయ్యాల్నే ఆపరేషన్ చేస్త."

ప్రసాదరావుగారికి నవ్వొచ్చింది. రిపోర్టు తీసి డాక్టరు మొహం ముందు ఆడించారు. "కంటికి కనపడని దాన్ని కోస్తానంటారేవిటండీ? ఇదిగో, లేదని రాసిచ్చారు."

"లేదని రాయలేదు సర్. కనపడలేదని రాసిన్రు."

"రెండూ ఒకటేగా!"

"కాదు సర్."

"పోనీ సీటీ అంటున్నారు. సీటీ అంటే ఎక్స్‌రేలు. రేడియేషన్ అంటే ఏవిటో మీకంటే నాకు బాగా తెలుసు, నేను ఫ్యాక్టరీలో పనిచేస్తాను. నిక్షేపంలాంటి ఆడమనిషిని తీసుకెళ్లి అందులో పెట్టమంటారా?" అన్నారు, మెడ పట్టేసిన పాపానికి అదే సీటీలో పడుకుని మెచ్చుకుంటూ లేచి వచ్చిన పెద్దమనిషి.

మహిధర్ నచ్చజెప్పాడు. కోప్పడ్డాడు. సరోజిని మంచం అంచున కూర్చుని, "ఏమండీ, ఆయన చెప్పినట్టు ఉండిపోదామా?" అంది.

"రిపోర్టులో ఏమీ లేదే! లేనిదానికి నొప్పేవిటి నీకు?" అన్నారు ప్రసాదరావుగారు. సరోజిని ఇక మాట్లాడలేదు. ఆ మాట విని మాట్లాడగలిగే మనిషైతే అసలు ఇంత దూరం వచ్చేది కాదు.

బయలుదేరుతుంటే మహిధర్ గుమ్మం దాకా వచ్చాడు. "జ్వరమొస్తే తీస్కరండి. కడుపు గట్టిపడితే తీస్కరండి. నొప్పి ఉన్నట్టుండి తగ్గినా సంతోషపడకండి, అప్పుడు కూడా తీస్కరండి."

ఆటోలో ప్రసాదరావుగారు ఈ మాటలు తలుచుకుని తలుచుకుని నవ్వారు. "విన్నావా? తగ్గకపోయినా రావాలట, తగ్గినా రావాలట! ఎలాగైనా వీళ్లకి ఒక కేసు కావాలి. మా రేపల్లెలో నారాయణ డాక్టరుగారైతే చెయ్యి పట్టుకుని చెప్పేసేవారు, ఈ గొడవలే ఉండేవి కావు." చెయ్యి వేసి చెప్పిన డాక్టర్ని కాదని వస్తున్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు.

మర్నాడు తెల్లవారాక సరోజిని, "తగ్గిందండీ" అంది. నిజమే, రాత్రంతా కోసిన నొప్పి తెల్లారేసరికి ఒక్కసారిగా వదిలేసింది. ఆవిడకే నమ్మబుద్ధి కాలేదు. ప్రసాదరావుగారి ఆనందానికి హద్దు లేదు. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెట్లమీద ఆగి యాదమ్మకి వినపడేలా చెప్పారు.

"చూశారా యాదమ్మగారూ! ఆ డాక్టరు మాట విని ఉంటే ఈపాటికి పొట్ట కోసి కుట్లు వేసేవాడు."

"తగ్గితే మంచిదే సారు," అంది యాదమ్మ. ఆ గొంతులో ఆయనకి కావలసినంత ఓటమి వినపడలేదు, అదొక్కటే లోటు.

ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆ మధ్యాహ్నం కొత్త కథ మొదలైంది. ప్రసాదరావుగారు పెరుగన్నం కలుపుకుంటూ, సోడా నుంచి సర్జన్ దాకా, ఎవరినీ వదలకుండా చెప్పారు. డాక్టరు ఎలా నోరెళ్లబెట్టాడో నటించి చూపించారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాల్సినచోట నవ్వారు. ఫణీంద్ర అని, ఆయన విభాగంలోనే పనిచేసే భీమవరం ఇంజనీరు, నవ్వకుండా మజ్జిగ తాగుతున్నాడు.

"రిపోర్టులో ఏమని రాశారండీ?" అన్నాడు.

"చెప్పాగా, అపెండిక్స్ కనపడలేదని."

"మరి మన దగ్గర చూడ్డం కుదరనిదానికి పసుపు చీటీ కదండీ వేస్తాం? పచ్చది వెయ్యం కదా."

ప్రసాదరావుగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మనిషి వేరు, మెషిను వేరు ఫణీంద్రా," అన్నారాయన చివరికి. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ మాట అనడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది.

"సారు, సరోజినమ్మను దవాఖానకు తోల్కొచ్చిన. జల్ది రాండ్రి," అంది యాదమ్మ.

"మళ్లీ ఎందుకు తీసుకెళ్లారండీ? తగ్గిపోయిందిగా!"

"తగ్గలే సారు. కడుపు పీట లెక్క బిగుసుకపోయింది. ఒళ్లు కాలిపోతున్నది. మాటలు పెట్టకుండ్రి, రాండ్రి!"

హైవే మీద చెరుకు లోడు లారీల మధ్య నుంచి ఆయన బండి ఎలా నడిపారో ఆయనకే తెలియదు. ఆసుపత్రికి చేరేసరికి సీటీ తీయడం అయిపోయింది. మహిధర్ ఆయన్ని లోపలికి పిలిచి తెర చూపించాడు. ఈసారి తెర ముందు ప్రసాదరావుగారు "ఊఁ" అనలేదు.

"ఇగో, ఇది అపెండిక్స్. ఈడ పగిలింది. ఈ గాలి పేగు బయట ఉన్నది చూడండి, ఉండొద్దు. ఇదంత చీము. కడుపంత పాకింది."

"పొద్దున తగ్గిందండీ," అన్నారు ప్రసాదరావుగారు. "తనే చెప్పింది, తగ్గిందని."

"అది తగ్గుడు కాదు సర్, పగులుడు. ఉబ్బింది పగిలినంక కొద్దిసేపు ఆరాం అనిపిస్తది. అందుకే తగ్గినా తీస్కరమ్మన్న."

"ప్రాణానికి..." అని ఆగి, తెలిసిన మాట ఏదో ఒకటి పట్టుకోవాలి కాబట్టి అదే పట్టుకున్నారు. "గ్యారంటీ ఉందాండీ?"

"గ్యారంటీ నిన్న అడిగితే ఇచ్చేటోన్ని," అని మహిధర్ ఆపరేషన్ గదిలోకి వెళ్లిపోయాడు.

బయట బెంచీ మీద యాదమ్మ కూర్చుని ఉంది. చీర కొంగంతా తడి, దారంతా సరోజిని మొహం తుడుస్తూ వచ్చినట్టుంది. ప్రసాదరావుగారు పక్కన కూర్చుని కాసేపు చేతులు నలుపుకున్నారు. ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"ఆ స్కానింగ్ మిషనే సరిగ్గా లేదండీ యాదమ్మగారూ. నేను అప్పుడే అడిగాను, కాలిబ్రేషన్ ఎప్పుడు..."

యాదమ్మ మొహం ఇటు తిప్పింది. "సారు, మీ నోరు జర బంద్ జేస్తరా?"

వాళ్లు ఆ ఇంట్లో అద్దెకు దిగినప్పటినుంచీ ఆవిడ ఆయన్ని ఎన్ని మాటలు అనాలనుకుందో, అన్నీ ఆ ఒక్క మాటతో అయిపోయినట్టు, తడి కొంగు పిండుకుంది. తరవాత నెమ్మదిగానే చెప్పింది.

"నేను పైకి వొయ్యేసరికి గోడకు ఆనుకొని కూసున్నది. కండ్లు లోపటికి గుంజుకపోయినయ్. ఏమైంది సరోజినమ్మా అంటే ఏమన్నదో ఎరికేనా? 'పిన్నిగారూ, రిపోర్టులో ఏమీ లేదన్నారు కదా, మరి ఇదేమిటండీ?' అన్నది. దవాఖానకు పోదాం లెవ్వు అంటే, మీకు ఫోన్ చెయ్యొద్దన్నది. తగ్గిందని చెప్పి మళ్ల నొప్పి అంటే నాటకం అనుకుంటరన్నది. ఆటోల దారి పొడుగూత ఒక్కటే ముచ్చట సారు. 'నాకు నిజంగానే నొప్పి ఉందా పిన్నిగారూ, ఊరికే అలా అనిపిస్తోందా' అని నన్ను అడుగుతది. నన్ను! నాకేమెరుక? కడుపు ఆమెది."

ఇన్నేళ్లలో వంకాయల్నీ అల్లం కొమ్ముల్నీ గేరుబాక్సుల్నీ అన్నిటినీ వెలుతురుకేసి పట్టి చూసిన మనిషికి, పక్కనే పడుకుని రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగిన మనిషి కనపడలేదు. కనపడకపోవడం కాదు, ఆవిడ చెప్పింది, ఆయన వినలేదు. అంతకంటే పెద్ద పాపం ఇంకోటుందని ఆ బెంచీ మీద ఆయనకి తెలిసింది. నొప్పి ఉన్న మనిషికి నొప్పి లేదని నమ్మించారు. ఆవిడ నమ్మింది. నమ్మబట్టే ఆ పొద్దంతా గోడకి ఆనుకుని కూర్చుంది. యాదమ్మ పైకి రాకపోయి ఉంటే, భర్త మాట పోకుండా అలాగే కూర్చుని చచ్చిపోయేది. యాదమ్మ పక్కనే ఉందన్న సిగ్గు కూడా లేకుండా మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చారు. యాదమ్మ ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరమూ లేదు.

ఆపరేషన్ గట్టెక్కింది. కడుపు కడిగి, పక్కన గొట్టం పెట్టి, సెలైన్లు ఎక్కించి, ఇక భయం లేదని మహిధర్ చెప్పేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. "మాట్లాడొచ్చు. ఎక్కువ మాట్లాడించకండి," అన్నాడు.

ప్రసాదరావుగారు వరండాలో ఈ చివరనుంచి ఆ చివరకి తిరుగుతూ, ఏం అడగాలో కూడబలుక్కున్నారు. క్షమించమని అడగడం ఆయనకి చేతకాదు. ఎప్పుడూ చెయ్యని పనికి చెయ్యి తిరగదు. కానీ ఒక్కటి అడగగలననుకున్నారు. ఏం తిన్నావు, ఎందుకు తిన్నావు అని కాదు. అడిగి, ఆవిడ ఏది చెబితే అది వినాలి. అంతే.

లోపల సరోజిని మొహం పాలిపోయి, పెదాలు ఎండిపోయి, కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆవిడ చెయ్యి తీసుకున్నారు, సూది ఉన్న చెయ్యని చూసి వదిలేసి రెండోది తీసుకున్నారు.

"సరోజినీ," అన్నారు. "నొప్పి ఉందా?"

ఆవిడ కళ్లు తెరిచింది. ఆయన ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. సరోజిని చెయ్యి కట్టు దగ్గరికి కొంచెం కదిలి, మధ్యలో ఆగిపోయింది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. జవాబు అక్కడ రాసి ఉందేమోనని భయంభయంగా, జాగ్రత్తగా వెతికింది.

"ఉందంటారా?" అంది.